నైరుతి మూల బండి

మా ఇంటి దగ్గర దిగాల్సినవాళ్లు ఆటోలో కూర్చుని "డొక్కు బండి కాడ ఆపయ్యా" అంటారు. ఆ ఆటో తోలేది నేను. ఆ డొక్కు బండి కూడా నాదే. నా మొహం మీదే నన్ను తిడుతున్నామని వాళ్లకు తెలియదు. నేనూ చెప్పను. కిరాయి ఇచ్చేవాళ్లతో గొడవెందుకు?

గురజాల రోడ్డు మా ఊళ్లోకి తిరిగే మలుపులో ఉంటుంది ఇల్లు. పడమటి పక్క రోడ్డు, రోడ్డు వెంట ఛాతీ ఎత్తు ప్రహరీ గోడ. గోడ మీదుగా చూస్తే బండి టాపు, ఆ టాపు మీద ఎండుతున్న పక్కింటి పెద్దమ్మ వడియాలు కనపడేవి. అది ఒకప్పుడు తెల్ల పికప్పు. తరవాత తరవాత ఏ రంగో చెప్పడం కష్టమైపోయింది. వానలు, ఎండలు, పెద్దమ్మ కోళ్లు ఎవరి రంగు వాళ్లు వేసి పోయారు. ఆ కోళ్లు డ్రైవరు సీట్లోనే గుడ్లు పెట్టేవి. వెనక తొట్టిలో పొయ్యిలోకి పత్తికట్టె. "ఇంత పనికొచ్చే బండిని పట్టుకుని డొక్కు అంటారేందిరా, కళ్లు పోతయ్" అని దాని పరువు కాపాడింది ఊళ్లో పెద్దమ్మ ఒక్కతే.

నేను ఏడో తరగతిలో బడి మానేసి లారీ క్లీనరుగా ఎక్కాను. క్లీనరు నుంచి డ్రైవరునయ్యాను, డ్రైవరు నుంచి ఈ పికప్పుకి ఓనరునయ్యాను, ఓనరు నుంచి మళ్లీ ఇంకొకరి ఆటోకి డ్రైవరునయ్యాను. బళ్లో అయితే దీన్ని తప్పడం అంటారు. రోడ్డు మీద యూటర్న్ అంటారు. అందుకే నాకు బడి కన్నా రోడ్డు మర్యాదగా కనపడుతుంది.

ఓనరుగా ఉన్న రోజుల్లో నా బతుకంతా మిరపకాయలే. సీజనులో కల్లాల దగ్గర టిక్కీలు, అంటే కాయ తొక్కి నింపిన గోతాలు, ఎత్తించుకుని, చీకటి పడే వేళకు ఇంటికి తెచ్చి, మా పడకగది కిటికీ పక్కన బండి నిలిపి, తెల్లారగట్ల గుంటూరు మిర్చి యార్డుకి బయలుదేరేవాణ్ణి. తొట్టిలో పట్టని టిక్కీ కాబిన్లో నా పక్క సీట్లో కూర్చునేది. "ఆ సీట్లో పెళ్లాం కంటే మిరపకాయలే ఎక్కువ ఊరేగినయ్" అనేది నా భార్య. అది నిజం. మిరపకాయలు అయితే దారిలో అది కొను ఇది కొను అని అడగవు కదా అనేవాణ్ణి నేను.

ఆమెకు ఆయాసం పట్టుకున్నది ఆ రోజుల్లోనే. పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. ఒక్కో ఊపిరికీ సన్నగా ఈల. ధైర్యం చెప్పడం నాకు రాదు, వచ్చిందల్లా జోకులేయడం. వేస్తే నవ్వేది, నవ్వితే దగ్గు, దగ్గితే ఈల పెద్దదయ్యేది. అందుకని నోరు మూసుకుని వీపు రాస్తూ కూర్చునేవాణ్ణి. నరసరావుపేటలో డాక్టరు నోట్లోకి కొట్టుకునే స్ప్రే ఇచ్చి, దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. మా వైపు దుమ్ముకు దూరంగా ఉండాలంటే కృష్ణలో దిగి నిలబడాలి.

అట్లా ఉండగా ఒక సీజను చివర్లో యార్డు నుంచి వస్తుంటే ఇంజను వేడెక్కి, పొగలు కక్కి, ఆగిపోయింది. ట్రాక్టరుతో లాగించుకొచ్చి మామూలుగా నిలిపే చోటే, కిటికీ పక్కనే నిలిపాను. వచ్చే సీజనుకు చేయిద్దాంలే అనుకున్నాను. ఆ వచ్చే సీజను చాలా ఏళ్లు రాలేదు.

ఆ ఎండాకాలమే నా బామ్మర్ది వాళ్ల అక్కను చూడ్డానికి వచ్చాడు. తాపీ మేస్త్రి. ఇల్లు చూడగానే మనుషుల్ని పలకరించకముందు మూలల్ని పలకరించే రకం.

"అక్కా, నైరుతిలో అంతలేసి గేటు పెట్టుకుని ఊపిరాడమంటే ఎట్టా ఆడిద్ది నీకు?" అన్నాడు.

మేం ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లం. వాడూ వెళ్తాడు.

"బైబిల్లో నైరుతి ఎక్కడుందిరా?" అని అడిగాను.

"బైబిల్లో సంగతి నాకు తెలవదు బావా. నేను కట్టిన ఇళ్లన్నిట్లో ఉంది. ఏ దేవుడి ఇంటికైనా మూలలు నాలుగే" అన్నాడు. దానికి బదులు చెప్పడానికి నా ఏడో తరగతి చాలలేదు.

నా భార్య నా వైపు చూసింది. ఊపిరాడక కూర్చున్న మనిషి అట్లా చూస్తే నైరుతేమిటి, ఇల్లు తిప్పి కట్టమన్నా కడతాం. రోడ్డు వైపు పెద్ద గేటు పీకేసి, అక్కడ గోడ మూయించి, ఈశాన్యం మూలన సందులోకి చిన్న గేటు పెట్టించాం. అందులోంచి ఒక మనిషి, ఒక మోటారు సైకిలు పడతాయి, అదీ ఒకదాని తరవాత ఒకటి. పాస్టరుగారు అడిగితే వాస్తు అని చెప్పలేక "బండి తిప్పుకోడానికి వీలుగా ఉంటదని అయ్యగారూ" అన్నాను. ఆయన సరేనని ప్రార్థన కూడా చేసి వెళ్లారు.

పై వరస ఇటుకలు పెడుతుండగా పెద్దమ్మ రోడ్డు మీద నిలబడి లోపలికి తొంగి చూసింది. "ఒరే అబ్బాయ్, మరి బండెట్టా వచ్చిద్దిరా బయటికి?"

ముగ్గురం తిరిగి చూశాం. బండి లోపల ఉంది. తాపీ మేస్త్రి, డ్రైవరు, ఆ ఇంటి ఇల్లాలు, ఇంతమందిమి రోజుల తరబడి దాని చుట్టూ తిరుగుతూ, దాని మీదే సిమెంటు బస్తాలు పెట్టుకుంటూ కట్టాం ఆ గోడ. ఒక్కరికీ తట్టలేదు. బామ్మర్ది తాపీ పట్టుకుని కాసేపు ఆలోచించాడు.

"కదిలినప్పుడు గదా పెద్దమ్మా" అని చివరి ఇటుక పెట్టేశాడు.

ఇక్కడిదాకా నవ్వుకునే సంగతే. చిక్కంతా ఆ తరవాతే. నా భార్యకు ఆయాసం తగ్గింది. వానలు పడేసరికి ఈల ఆగింది. మరుసటి సీజనుకు మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతుంటే, ఆ నిశ్శబ్దానికి అలవాటు లేక నేను లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను. నా బామ్మర్ది పేరు మారుమోగింది. ఊపిరాడని వాళ్లు, పిల్లలు పుట్టని వాళ్లు, కోర్టులో వాయిదాలు తెగని వాళ్లు వాణ్ణి పిలిపించుకున్నారు. మా ఊళ్లో ఆ ఏడు నైరుతిలో ఒక్క గేటు మిగల్లేదు. నా భార్య మాత్రం ఖాళీ అయిన స్ప్రేని గూట్లోంచి తీయలేదు. ఇల్లు సర్దేటప్పుడు తుడిచి మళ్లీ అక్కడే పెట్టేది. గోడ పక్కగా వెళ్తే చేత్తో తడిమి చూసేది, ఎక్కడన్నా బీట పడిందేమోనని.

బండి అట్లాగే ఉండిపోయింది. నిరుడు ఎండలు మొదలయ్యాక ఒక పొద్దున పాత ఇనప సామాన్లవాడు వచ్చాడు. కృష్ణ అవతల తెలంగాణ వాడు. మోపెడ్డు మీద మైకు కట్టుకుని, పాత ఫ్రిజ్జులు, పాత కూలర్లు అని అరుచుకుంటూ పోతున్నవాడు మా గోడ దగ్గర మైకు ఆపాడు.

"కాకా, గా లోపలున్న బండి ఎవరిది?"

"నాదే. గోడ కూడా నాదే. రెండిట్లో ఏది కావాలి?"

"బండే. ఇస్తవా?"

"ఇస్తా. ఎట్టా తీసుకుపోతావ్? గోడ ముట్టుకుంటే మా ఇంటామె నిన్ను కూడా పాత సామానులో కలిపిద్ది."

"గోడ జోలికి నేనెందుకు పోత కాకా? కట్టర్ దెస్త. ఆడనే ముక్కలు కోస్త. గా చిన్న గేట్లకెల్లి సంచులల్ల తీస్కపోత."

నేను పెంచుకున్న మేకపోతును ఎట్లా కోస్తాడో కసాయి అంత నెమ్మదిగా చెబుతుంటే విన్నట్టయింది నాకు. ఆలోచించుకుని చెప్తానని ఫోను నంబరు తీసుకున్నాను.

ఆలోచించడం నాకు అలవాటు లేదు. క్లీనరుగా ఉన్నప్పుడు డ్రైవరు ఆలోచించేవాడు. డ్రైవరయ్యాక దారి ఆలోచించేది. అందుకని ఆటో బ్రేకులు చూపించే వంకతో గురజాలలో మెకానిక్ షెడ్డుకి వెళ్లి భాయ్‌కి చెప్పాను. పికప్పు నడిచిన రోజుల నుంచీ నాకు తెలిసిన మెకానిక్కు ఆయనే. ఏ బండిని చూసినా ఆయనకు ఆశ పుడుతుంది. అదే ఆయన గుణం, అదే ఆయన జబ్బు.

"అమ్మబాక అన్నా!" అన్నాడు చేతిలో స్పానరు కింద పెట్టేసి. "ఆ ఇంజను మళ్లీ రాదు. హెడ్డు దించి గాస్కెట్టు వేద్దాం, రేడియేటరు మారుద్దాం, టైర్లు ఎట్టాగూ కొనాలి. తొట్టికి కొత్త రేకు కొట్టి రంగేస్తే పెళ్లికొడుకే. నిన్నే ఎవరూ గుర్తుపట్టరు దాంట్లో."

"నన్నెందుకు గుర్తుపట్టకూడదు భాయ్? నాకేమన్నా కేసులున్నాయా?"

"ఆదివారం వచ్చి బ్యాటరీ పెట్టి చూస్తా. నా మాట విను. లేచి పరిగెత్తుద్ది."

ఇక నా పరిస్థితి చూడాలి. బండిని అమ్మితే గోడ నిలుస్తుంది, బండి ముక్కలవుతుంది. బాగుచేయిస్తే నాకు మళ్లీ సొంత స్టీరింగు వస్తుంది, గోడ పగలగొట్టాలి. గోడ పగిలితే ఆమెకు ఆయాసం తిరగబెడుతుందని ఆమె భయం. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. కానీ ఆమె నిద్రపోతుందన్నది నా కళ్లతో చూసిన సంగతి. నమ్మని దానికి భయపడటం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. నమ్మేవాళ్లయితే హాయిగా భయపడతారు.

ఆటోలో ఎక్కినవాళ్లందర్నీ అడిగాను. ఒక రైతు, సొంత బండి లేని డ్రైవరు రైతు కంటికి ఆనడు, చేయించమన్నాడు. టీచరమ్మ ఒకామె, పాత బండి పొగ పిల్లలకు మంచిది కాదు, అమ్మేయమంది. ఒక ముసలాయన బండి సంగతంతా విని, "గోడ మీద నుంచి క్రేనుతో ఎత్తలేవా?" అన్నాడు. అంత తెలివైనవాణ్ణి నాకు ఎక్కువ కిరాయి ఇవ్వమనాలనిపించింది. గురజాల దగ్గర అమ్మేద్దామనుకుని బయలుదేరి, మా ఊరు వచ్చేసరికి చేయిద్దామనుకునేవాణ్ణి. మళ్లీ తిరుగు ట్రిప్పులో మొదటికి వచ్చేది.

చివరికి ఇంట్లోనే తేల్చుకుందామని కూర్చున్నాను.

"ఏమే, బండి చేయిద్దామంటావా?"

"చేయించుకో. నేను వద్దన్లా" అంది చింతపండు పిసుకుతూ.

"మరి బయటికి తీయాలంటే గోడ పగలగొట్టాలి గదా?"

"గోడ ముట్టుకోబాక."

"మరి బండెట్టా వచ్చిద్ది?"

"అది నీ తెలివి. క్రేనుతో ఎత్తిస్తన్నావంటగా?" అంది. ఊళ్లో ఆటోలో అన్న మాట ఆటో కన్నా ముందే ఇంటికొస్తుంది. నవ్వి, అంతలోనే నవ్వు ఆపేసి, "ఆ ఊపిరి తిప్పలు నువ్వు పడలా అయ్యా. పక్కన కూర్చున్నావు, నిజమే. పడింది మాత్రం నేను" అంది.

లేచి బయటికి వచ్చాను. భాయ్‌ని రావద్దని ఫోను చేద్దామనుకున్నాను. చేయలేదు. బ్యాటరీ పెట్టి చూస్తే పోయేదేముంది, గోడను ముట్టుకోవడం లేదు కదా అనుకున్నాను.

ఆదివారం చర్చి అయ్యాక భాయ్ వచ్చాడు, బ్యాటరీ మోసుకుని, సందులో గేటులోంచి పక్కకు తిరిగి. పెద్దమ్మ ముందుగా వచ్చి సీట్లో గుడ్లు ఏరుకుని, కోళ్లను గదమాయించి దించింది. తొట్టిలో పత్తికట్టె దించాను. భాయ్ బానెట్టు ఎత్తి, ఎలుకలు కొట్టేసిన వైర్లు చూసి నాలుక చప్పరించి, వాటిని ముడేసి టేపు చుట్టాడు. నా భార్య టీ తెచ్చింది. భాయ్‌కి ఇచ్చి, నాకు ఇచ్చి, తనూ చూద్దామని అవతలి పక్కకు వెళ్లి, అద్దం లేని కిటికీలోంచి కాబిన్లోకి వంగింది. ఆ సీటు చూసి ఎన్నాళ్లయిందో. సీటు మీద చెయ్యేసి, "నీ మిరపకాయల సీటు ఇంకా ఎర్రగానే ఉందయ్యో" అంది.

నేను ఎక్కి కూర్చున్నాను. స్టీరింగు పట్టుకుంటే అరచేతులకు పాత జాగాలు వాటంతట అవే దొరికాయి. జోకు వేద్దామనుకున్నాను.

"తిప్పన్నా తాళం!" అని అరిచాడు భాయ్ ముందు నుంచి.

తిప్పాను.

ఇంజను కదల్లేదు. లైటు వెలగలేదు. హారను మోగలేదు. ఆ బండి మొత్తంలో ప్రాణంతో ఉన్నది ఒక్కటే, డాష్‌బోర్డు కింద గాలి బ్లోయరు. ఏ ఎండ రోజునో నేను ఆన్‌లో వదిలేసిన స్విచ్చి అట్లాగే ఉంది. ముందు గరగరమంది. తరవాత ఎన్నేళ్ల సీజన్లలోనో ఆ గొట్టాల్లో పేరుకున్న మిరప దుమ్మునంతా ఒక్కసారి కాబిన్లోకి ఊదింది.

కళ్లు పోయాయనుకున్నాను. తలుపు తోసుకుని బయట పడ్డాను. భాయ్ బానెట్టు వదిలేసి తుమ్ముతూ గోడ దాకా వెళ్లాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ముక్కులు మూసుకున్నారు. పెద్దమ్మ గుడ్ల గంప పట్టుకుని దగ్గుతూనే, "దిష్టి లేదురోయ్! ఇంత ఘాటొచ్చిందంటే దిష్టే లేదు బండికి!" అంటోంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ అవతలి పక్కకు చూశాను. నా భార్య కాబిన్ కిటికీ కింద మట్టిలో కూర్చుని ఉంది. రెండు చేతులు నేల మీద ఆనించి, మెడ ముందుకు చాచి, నోరు తెరుచుకుని. దగ్గడం లేదు. దగ్గడానికి కూడా ఊపిరి లేదు. తరవాత ఆ ఈల వినపడింది.

గూట్లో స్ప్రే తెచ్చి కొట్టాను. ఏముంది అందులో? ఎన్నేళ్లుగానో తుడిచి పెట్టుకున్న ఖాళీ డబ్బా. ఆమెను ఎత్తుకుని సందులోకి వెళ్లబోతే ఆ గేటులో ఇద్దరం పట్టలేదు. భాయ్ గోడ ఎక్కి అవతలికి దూకి, "ఇట్టా ఇయ్యి అన్నా, ఇట్టా" అన్నాడు. గోడ మీదుగా అందించాను. ఏ గోడ తన ఊపిరి నిలబెట్టిందని నమ్మిందో ఆ గోడ మీదుగా. రోడ్డు మీదున్న ఆటోలో వేసుకుని గురజాల తీసుకుపోయాం. దారి పొడుగునా చేతులు చూపించి ఆపమన్న వాళ్లను దాటుకుంటూ వెళ్లాను. ఆసుపత్రిలో ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టి మందు పొగ పట్టించారు. చాలాసేపటికి ఆమె పెదాలకు రంగు వచ్చింది. భాయ్ బయట బల్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. బండి పరిగెత్తుద్దన్న మనిషి, పాపం, తనే పరిగెత్తాడు.

సాయంత్రం ఇంటికి తెచ్చాను. కబురు తెలిసి బామ్మర్ది అప్పటికే వచ్చి గోడ చుట్టూ తిరుగుతున్నాడు, బీట కోసం.

"ఎందుకొచ్చిందో తెలుసా అక్కా? నైరుతిలో బరువు ఉండాల. ఆ బరువును కదిలిచ్చాడు బావ" అన్నాడు.

ఆమె మంచం మీద కూర్చుని నెమ్మదిగా, మాటకూ మాటకూ మధ్య గాలి పీల్చుకుంటూ అంది. "ఒరేయ్, బండి అంగుళం కూడా కదల్లా. గోడ నిండుగా ఉంది. మరెందుకొచ్చింది?"

వాడు కిటికీలోంచి మళ్లీ గోడ వైపు చూశాడు.

"చెప్పు. గోడ బాగానే ఉంది గదా?"

"బాగానే ఉంది."

"అయితే గోడ కాదురా. అది." కిటికీలోంచి వేలు పెట్టి బండిని చూపించింది. "ఏళ్ల తరబడి అది నా తలకాయ పక్కన మిరపకాయలు పెట్టుకుని నిలబడింది. అది చచ్చినాక నేను బతికా. నువ్వు గోడ కట్టావు, పేరు నీకొచ్చింది."

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆమె చెప్పిన సంగతులు అన్నీ నాకు తెలిసినవే. కిటికీ పక్కన బండి నిలిపింది నేనే, ఆ బండి ఆగిన ఏడే ఆయాసం ఆగడం చూసిందీ నేనే. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. గుంటూరు దాకా దారిలో ప్రతి గుంటా తెలిసినవాణ్ణి, కిటికీ నుంచి మంచం దాకా ఎంత దూరమో చూసుకోలేదు.

అప్పుడన్నా తేలిపోవాలి కదా? తేలలేదు. ఇంకా చిక్కుపడింది. ఇన్నాళ్లూ గోడ ఉంది కాబట్టి బండి చేయించలేదు అనుకున్నాను. ఇప్పుడు గోడ పగలగొట్టొచ్చు, ఆమెకు ఆ భయం లేదు. కానీ గోడ అడ్డు తొలగిన క్షణానే బండి అడ్డం వచ్చింది. భాయ్ మర్నాడు ఫోను చేసి, "సీటు మారుద్దాం అన్నా, గొట్టాలు పీకి నీళ్లతో కడుగుదాం, బ్లోయరు అసలు తీసి పారేద్దాం" అన్నాడు. ఆ మాటా నిజమే. కడిగితే పోయే దుమ్మే. రాత్రి కిటికీ దగ్గర నిలపకుండా ఊరి చివర నిలపొచ్చు. దారి ఉంది. దారి ఉన్నప్పుడు ఏం చేయాలో నాకు ఎప్పుడూ తెలిసేది. ఈసారి తెలియలేదు.

"నువ్వేమంటావే?" అని అడిగాను నా భార్యను.

"నీ ఇష్టం" అంది.

వద్దంటే పోట్లాడొచ్చు. చేయించమంటే సంబరపడొచ్చు. నీ ఇష్టం అంటే ఏం చేయాలి? నా ఇష్టం ఏమిటో తెలిస్తే ఆమెనెందుకు అడుగుతాను?

కొన్నాళ్లు ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. కొత్త స్ప్రే గూట్లోకి వచ్చింది. ఒక పొద్దున నేను ఆటో తీయబోతుంటే ఆమె సందులో గేటు దాకా వచ్చింది.

"ఒకటడుగుతా, ఎకసెక్కాలాడకుండా చెప్పు. బండి చేయించినాక దాంట్లో మిరపకాయలెయ్యకుండా ఉంటావా?"

నోరు తెరిచాను. మామూలుగా అయితే జోకు నాలుక మీద సిద్ధంగా ఉంటుంది. సిమెంటు వేస్తా, గొర్రెల్ని వేస్తా, పెళ్లివాళ్లను వేస్తా అనొచ్చు. కానీ నాకు కల్లాలు గుర్తొచ్చాయి. సీజనులో మా వైపు బండి ఉన్నవాడి ఫోను ఆగకుండా మోగుతుంది. తెలిసిన రైతు, "వానొచ్చేట్టుందిరా అబ్బాయ్, కాయంతా తడిసిపోద్ది, ఒక్క ట్రిప్పు రా" అంటాడు. ఆ ఒక్క ట్రిప్పుకు నేను రానని చెప్పగలనా? నన్ను నేను ఆ రైతు ముందు నిలబెట్టి చూసుకున్నాను. నేను బండి తాళం తీసుకుని బయలుదేరడమే కనపడింది.

"ఉండలేను" అన్నాను.

ఆమె తలూపింది. కోపం లేదు. నేను అబద్ధం చెబుతానేమోనని ఇంతసేపూ భయపడినట్టుంది. "సరే. ఆ ఇనప సామాన్లాయనకు ఫోను చెయ్యి" అని లోపలికి వెళ్లింది.

అతను కట్టరు తెచ్చుకుని వచ్చాడు. గేటు దగ్గర ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడ కొయ్యబాక. గోడ పగలగొట్టిస్తా, బండిని బండిగా తీసుకుపో."

"ఎందుకమ్మా ఉట్టిగ గోడ పాడుజేస్కునుడు?"

"కోస్తే ఆ దుమ్మంతా ఇంట్లోనే పడదా?" అంది.

అది సరైన కారణమే. కానీ చెబుతూ ఆమె నా వైపు చూడలేదు. నా కళ్ల ముందు దాన్ని ముక్కలు చేయించడం ఇష్టం లేక అందా, దుమ్ముకు భయపడి అందా, ఇప్పటికీ నాకు తెలియదు. అడిగితే "రెండూ కాదు, నాకు గోడ మీద విసుగుపుట్టింది" అంటుంది.

గోడ పగలగొట్టింది నా బామ్మర్దే. కట్టిన చేత్తో సుత్తి పట్టుకుని, దెబ్బ దెబ్బకూ ఆకాశం వైపు చూస్తూ. "బావా, రేపేమన్నా అయితే నన్ననబాక" అన్నాడు. "ఏమీ కాకపోతే కూడా నిన్నే అంటాంలే" అన్నాను. పెద్దమ్మ బండి టాపు మీద నుంచి వడియాలు ఏరుకుంటూ గొణిగింది, ఇప్పుడు కోళ్లు ఎక్కడ పెట్టాలంట గుడ్లు అని. ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగితే బండి ముందు మొరాయించి, తరవాత నేలలో దిగిపోయిన టైర్లను మట్టిలోంచి పెకలించుకుని కదిలింది. ముక్కూ మూతీ తువ్వాలుతో కట్టుకుని నేనే స్టీరింగు పట్టాను. మా వాకిట్లోంచి రోడ్డు ఎక్కేదాకా. అంతే నా ఆఖరి ట్రిప్పు. లోడు లేదు.

గోడ మళ్లీ మూయలేదు. ఇప్పుడు ఆ గండిలోంచి ఆటో లోపలికి వస్తుంది. పడమటి గాలి సరాసరి కిటికీలోకి కొడుతుంది. సాయంత్రాలు నా భార్య మొండి గోడ మీద కూర్చుని చింతకాయలు వొలుస్తుంది. నాకేమో ఆ ఖాళీ చూస్తే ఒకసారి సరైన పని చేశాననిపిస్తుంది, ఇంకోసారి భాయ్ మాట వినుంటే కడిగితే పోయేదేమో అనిపిస్తుంది. ఈ సీజనులో వాన మబ్బు పట్టినప్పుడు ఫోను మోగితే, చూసి, బండి లేదని చెప్పి పెట్టేశాను. చెప్పాక చాలాసేపు కాళ్లు ఊరికే నిలవలేదు.

మొన్న ఆటోలో ఒక పెద్దాయన, "డొక్కు బండి కాడ ఆపయ్యా" అన్నాడు. ఆపాను. దిగి, పగిలిన గోడ చూసి, లోపల ఖాళీ చూసి, నా మొహం చూశాడు.

"బండేదయ్యా?"

"పోయింది తాతా."

"మరి ఇక్కడెందుకు ఆపావు?"

"నువ్వే గదా ఆపమంది" అన్నాను.

ఆయన ఆ ఖాళీ వంక ఇంకోసారి చూసి, కిరాయి నా చేతిలో పెట్టాడు. తరవాత ఆయన అటు, నేను ఇటు వెళ్లిపోయాం.